షెడ్డులో హీటరు

"చలికాలంలో నీకు పనేముంటుంది, అవి నిద్రపోతాయిగా" అంటారు మా ఆయన ప్రతి ఏడూ. అవి అంటే ఆయన బోన్సాయ్ చెట్లు, కుండీల్లో మరుగుజ్జుగా పెంచేవి. మొత్తం పద్దెనిమిది. చలి ముదరగానే ఆకులన్నీ రాల్చేసి మోడులైపోతాయి, అప్పుడు వాటిని ఇంటి వెనక షెడ్డులోకి చేరుస్తాం. చేరుస్తాం అంటే నేను చేరుస్తాను. నిద్రపోయేవాళ్ళని కనిపెట్టుకుని ఉండటం పని కాదని మగవాళ్ళకి ఎవరు చెప్పారో గానీ, మా అమ్మాయి ఉయ్యాల్లో ఉన్నప్పుడూ ఆయన ఇదే మాట అన్నారు. "పడుకుంది కదా, ఇంకేం పని నీకు?" అని. షెడ్డులో ఒక్కో కుండీ ఎత్తి బరువు చూడాలి. తేలిగ్గా ఉంటే మట్టి ఎండినట్టు, చెంచాలతో పోసినట్టు కాసిని నీళ్ళు పొయ్యాలి. ఎక్కువైతే వేళ్ళు కుళ్ళుతాయి, తక్కువైతే ఎండుతాయి. ఎలుకలు బెరడు కొరక్కుండా చూడాలి. ఎండ కాసిన రోజు కిటికీ తియ్యాలి, గాలి మొదలైతే మూసెయ్యాలి. పదకొండేళ్ళుగా చేస్తున్నాను.

మా ఆయన బళ్ళో లెక్కల మాస్టారు. బోన్సాయ్ క్లబ్బులో మాత్రం "చెట్ల మాస్టారు". ఏడాదికి రెండుసార్లు కత్తెర పట్టుకుని కూర్చుంటారు, కొమ్మలకి రాగితీగ చుడతారు, వెనక్కి జరిగి కళ్ళు చికిలించి చూస్తారు. నిజం చెప్పాలంటే ఆయన వేళ్ళలో పనితనం ఉంది. ఇంటికొచ్చినవాళ్ళు చూసి ఆహా ఓహో అంటారు, ఎవరో ఒకరు మర్యాదకి "మీ ఆవిడ కూడా సాయం చేస్తుంటారా?" అని అడుగుతారు. "ఆ, అప్పుడప్పుడు నీళ్ళు పోస్తుంది" అంటారు ఆయన. ఆ అప్పుడప్పుడు అన్న మాట వింటే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. అయినా వచ్చినవాళ్ళ ముందు ఏం గొడవలే అని కప్పులు తీసుకుని లోపలికి వచ్చేస్తాను.

ఇంకో రకం వాళ్ళుంటారు, ఆడవాళ్ళు. బోన్సాయ్ చూడగానే నా చెయ్యి పట్టుకుని "అయ్యో, మన బతుకులాగే, ఎదగనివ్వకుండా కత్తిరించేశారు పాపం" అంటారు. వాళ్ళని చూసినా నాకు చిరాకే. ఏం పాపం? ఆ చెట్టు కోసం ఒక మనిషి పొద్దునా సాయంత్రం జీతం లేకుండా పనిచేస్తోంది. నాకెవరున్నారు అలా చేసేవాళ్ళు?

ఈ ఏడు చలి ఇంకో నెల ఉందనగా, ఒక మంగళవారం మధ్యాహ్నం కుండీలు ఎత్తి బరువు చూస్తున్నాను. పెద్ద మేపుల్ చెట్టు దగ్గర చెయ్యి ఆగిపోయింది. కొమ్మల చివర మొగ్గలు పగిలి, లోపల్నించి ఎర్రటి లేత ఆకులు, పుట్టిన పిల్ల గుప్పిట విప్పినట్టు విచ్చుకుంటున్నాయి. పక్క కుండీ చూశాను, దాంట్లోనూ. కింది వరసంతా అంతే. "చచ్చాన్రా దేవుడా" అనుకున్నాను. ఆ మేపుల్‌ని మాతోనే ఉండే మా అత్తయ్య "నీ సవతి" అంటుంది. "నీ సవతికి నీళ్ళు పోశావా?" అని రోజూ వేళాకోళం. వచ్చే ఆదివారం కాక ఆపై ఆదివారం అది ప్రదర్శనకి వెళ్ళాలి. మామూలు ప్రదర్శన కాదు, మోడు చెట్ల ప్రదర్శన. ఆకులుంటే ఎవరైనా తప్పులు దాచెయ్యొచ్చు, ఆకుల్లేకుండా నిలబెడితేనే కొమ్మా రెమ్మా ఎలా తీర్చారో తెలుస్తుందని క్లబ్బువాళ్ళ పట్టుదల. దాని కోసం ఆయన నాలుగేళ్ళు ఆ ఒక్క చెట్టు మీదే కూర్చున్నారు.

ఆకులు ముందే ఎందుకొచ్చాయో నాకు తెలుసు. నేనే తెప్పించాను.

నేను ఆసుపత్రిలో పనిచేస్తాను. ఆపరేషన్ అయ్యాక కత్తెర్లు, కత్తులు, చిమ్టాలు అన్నీ ట్రేలలో మా గదికి వస్తాయి. రక్తం కడిగి, బ్రష్షుతో సందులు తోమి, లెక్క చూసి, గుడ్డలో చుట్టి, ఆవిరి యంత్రంలో పెట్టి తీస్తాం. పదహారేళ్ళుగా అదే పని. ఏ ఆపరేషన్‌కి ఏ ట్రే, ఏ కత్తెర తరవాత ఏ కత్తెర, నన్ను నిద్రలో లేపి అడిగినా చెప్తాను. కానీ నా దగ్గరికి అన్నీ పని అయిపోయాకే వస్తాయి. పని జరిగేటప్పుడు డాక్టరు పక్కన నిలబడి చేతికి అందించే ఉద్యోగం ఒకటుంది, థియేటర్ టెక్నీషియన్ అంటారు. దానికి పరీక్ష రాయాలి. మొదటిసారి ఫీజు కట్టినప్పుడు మా అమ్మాయికి తట్టు పోసింది, వెళ్ళలేదు. రెండోసారి అత్తయ్య కంటి ఆపరేషన్, పక్కన ఎవరో ఒకరుండాలి కదా, వెళ్ళలేదు. నలభై అయిదు దాటితే పరీక్షకి కూర్చోనివ్వరు. నాకు వచ్చే వేసవికి నలభై అయిదు నిండుతాయి. అంటే ఇదే ఆఖరుసారి.

ఈసారి ఇంట్లో చెప్పలేదు. ఎవరో తిడతారని కాదు. మా ఆయన తిట్టరు. "చూద్దాంలే" అంటారు. ఆ చూద్దాంలేని మించిన గోడ నేను ఎక్కడా చూడలేదు. పైగా చదువుకోవడానికి చోటేది? భోజనాల బల్ల మా అమ్మాయిది, దాని పరీక్షల ఏడాది, దాని పక్కన చెంచా పడినా ఆయన ఉలిక్కిపడి "ష్" అంటారు. ముందు గదిలో ఆయన రాగితీగలూ కత్తెర్లూ. పడగ్గదిలో పుస్తకం పడితే అయిదు నిమిషాలకో పిలుపు. నా డ్యూటీ పొద్దున ఆరు నుంచి రెండుదాకా. ఇంట్లో మాత్రం ఇప్పుడు నాలుగున్నర దాకా పెంచారని చెప్పాను. పదహారేళ్ళ ఉద్యోగంలో నేనాడిన పెద్ద అబద్ధం అదే. రెండున్నరకి పక్క గేటు తోసుకుని దొంగలా షెడ్డులోకి దూరి, తలుపు చేరవేసుకుని, ఎరువు బస్తా మీద కూర్చుని రెండు గంటలు చదివేదాన్ని. చెట్లూ నేనూ. ఎవరూ పిలిచేవాళ్ళు కాదు. అంత సుఖం నా పెళ్ళయ్యాక ఎప్పుడూ ఎరగను.

కానీ చలి. వేళ్ళు కొంకర్లు పోయి కాగితం తిరగేది కాదు. ఆసుపత్రిలో కాళ్ళు కాచుకునే పాత హీటరొకటి పక్కన పడేస్తుంటే అడిగి తెచ్చుకున్నాను. కిటికీ మూసి కాళ్ళ దగ్గర పెట్టుకునేదాన్ని. రెండు గంటలకి ఏమవుతుందిలే అనుకున్నాను. షెడ్డు వెచ్చబడితే చెట్లు వసంతం అనుకుని లేస్తాయని మా అమ్మాయికి, పక్కింటివాళ్ళకి, ఆఖరికి మా ఆయనకి కూడా చెప్పే మనిషిని నేను. నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? తెలిసే చేశాను. రెండో అధ్యాయం నుంచి పదో అధ్యాయం దాకా రోజూ చేశాను. చదువు మీద ధ్యాసలో, ఎదురుగా ఉన్న మొగ్గ ఉబ్బుతుంటే చూసి కూడా చూడలేదు.

ఆ మంగళవారమే హీటరు ఆపి కిటికీ బార్లా తెరిచాను. లాభం లేదు. ఒకసారి లేచిన చెట్టు మళ్ళీ పడుకోదు. శనివారం పొద్దున మా ఆయన క్లబ్బు ప్రెసిడెంటుని వెంటబెట్టుకుని షెడ్డులోకి వచ్చారు, చెట్టుకి ఏ బల్ల వెయ్యాలో, ఏ వైపు ముందుకి తిప్పాలో చూసుకోవడానికి. నేను వెనకాలే వెళ్ళాను. ఆయన మేపుల్ ముందు ఆగిపోయారు. తరవాత చిటికెన వేలితో ఒక ఆకుని మెల్లిగా తాకారు.

"నాలుగేళ్ళు" అన్నారు, ఎవరితోనో కాదు, తనలో తనే.

అరిచినా బాగుండేది. బళ్ళో పిల్లలు వినరు, హెడ్మాస్టరు వినడు, ఆ ఒక్క చెట్టే ఆయన మాట వింది ఇన్నాళ్ళూ. ప్రెసిడెంటు మటుకు డిటెక్టివులా వంగి అటూ ఇటూ చూసి, బస్తాల వెనక నుంచి హీటరు పైకి లాగాడు. "ఇదేంటి మాస్టారూ, చెట్లకి చలి వేస్తుందని పెట్టారా?" అని నవ్వాడు.

మా ఆయన నా వైపు తిరిగారు. "ఎవరు పెట్టారిది?"

నోరు తెరిచాను. ఆరు రోజుల్లో పరీక్ష. చెప్తే హీటరెందుకో చెప్పాలి, డ్యూటీ రెండింటికే అయిపోతుందని చెప్పాలి, అదంతా ఈ మనిషి ముందు. నేను మాట మొదలుపెట్టేలోగా వెనక నుంచి అత్తయ్య గొంతు వినిపించింది.

"నేనే పెట్టానురా."

చేతిలో తడి తువ్వాలు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. "బట్టలు ఆరట్లేదు. ఇక్కడ తీగ కట్టుకుని ఆరేసుకుంటున్నా. దాంతో ఇంత అవుతుందని నాకేం తెలుసు?"

"నీకు బుద్ధుందా అమ్మా?" అన్నారు మా ఆయన. పరాయి మనిషి ముందు డెబ్భై ఆరేళ్ళ తల్లిని పట్టుకుని అన్నారు. "చదువూ సంధ్యా లేకపోతే పోయె, అడగాలని కూడా తెలీదా? ఇంట్లో ఓ మూల కూర్చోక ఎందుకు నీకివన్నీ?" ప్రెసిడెంటు చూపు తిప్పుకుని కుండీల వంక చూస్తున్నాడు. అత్తయ్య తలొంచుకుని తువ్వాలు మడత పెట్టుకుంటూ వెళ్ళిపోయింది. నేనక్కడే గుంజలా నిలబడ్డాను. ఆ షెడ్డులో బట్టలారేసే తీగే లేదు. ఆ సంగతి మా ఆయనకి తట్టలేదు, ఎందుకంటే బట్టలెక్కడ ఆరతాయో ఆయన ఎన్నడూ చూడలేదు. నేను మాత్రం నోరు మూసుకునే ఉన్నాను. ఇది రాస్తున్నప్పుడు కూడా నాకు సిగ్గుగా ఉంది.

ఆయన వెళ్ళాక వంటింట్లోకి పరిగెత్తాను. అత్తయ్య కూరగాయలు తరుగుతోంది, ఏమీ జరగనట్టు.

"అత్తయ్యా, అది మీరు కాదు కదా..."

"నాకు తెలీదా ఏంటి నేను కాదని?" అంది తల ఎత్తకుండా. "కిటికీలోంచి రోజూ కనపడతావు. పక్క గేటు చప్పుడవగానే గడియారం చూసుకునేదాన్ని. చదివేటప్పుడు పెదాలు కదుపుతావు నువ్వు, చిన్నపిల్లలా."

నేను పక్కన పీట వేసుకుని కూర్చున్నాను.

"నా కంటి ఆపరేషన్‌కి మానేశావు కదే ఆ పరీక్ష. అప్పుడేదో మామూలు పనిలే అనుకున్నా. తరవాత నువ్వు బట్టలుతుకుతూ ఏడిస్తే తెలిసింది. ఇప్పుడు రెండు కళ్ళూ కనిపిస్తున్నాయి నాకు. పరీక్షకి వెళ్ళిరా. వాడు నాలుగు రోజులు మొహం మాడ్చుకుంటాడు, అంతేగా. నాకు అలవాటే."

అలవాటే అన్న మాట నన్ను తినేసింది. ఆయన నాలుగు రోజులూ తల్లితో మాట్లాడలేదు. ఆవిడ కూర్చుంటే బల్ల దగ్గర నుంచి లేచేవారు. "నానమ్మని చెట్ల దగ్గరికి వెళ్ళనివ్వకు" అని మా అమ్మాయికి చెప్పారు, ఆవిడ వింటుండగానే. ఆవిడ పళ్ళెం తన గదిలోకి పట్టుకెళ్ళి తినడం మొదలుపెట్టింది. ఇక నేను పొద్దున ఆసుపత్రికి ముందు, సాయంత్రం ఎండ పోకముందు, పద్దెనిమిది కుండీలూ మోస్తున్నాను. పై వరసవీ విచ్చుకున్నాయి, లేత ఆకులకి వెలుతురు కావాలి, రాత్రి మంచు తగిలితే మాడిపోతాయి. అందుకని పొద్దున బయట చూరు కిందికి, సాయంత్రం లోపలికి. పెద్దదాన్ని ఎత్తితే నడుం పట్టేసేది. ఇక చదువు ఎక్కడ? కుండీలు మోస్తూ నోట్లో ట్రేల పేర్లు గొణుక్కునేదాన్ని, పక్కింటావిడ నాకు మతిపోయిందనుకుంది కాబోలు.

బుధవారం రాత్రి అన్నాలప్పుడు మా ఆయన మొహం కాస్త తేటపడింది. "ఒక దారి దొరికింది" అన్నారు. "ప్రెసిడెంటు చెప్పాడు. ఆకులన్నీ తెంపేస్తే మళ్ళీ మోడులాగే కనిపిస్తుంది, ఎవరికీ తెలీదు. కొమ్మకి గీత పడకుండా ఒక్కొక్కటీ చిమ్టాతో తియ్యాలి. నా వేళ్ళు మోటు, నీ చేతులైతే సున్నితం. శుక్రవారం సెలవు పెట్టు. పొద్దున కూర్చుంటే సాయంత్రానికి అయిపోతుంది."

శుక్రవారమే పరీక్ష. నా చేతులు సున్నితమని ఆయన అనడం పందొమ్మిదేళ్ళలో అదే మొదలు.

లోపల గదిలోంచి పళ్ళెం మీద చెంచా చప్పుడు వినిపిస్తోంది, అత్తయ్య ఒక్కతే తింటోంది. ఆ చప్పుడు వింటూ అనుకున్నాను, ఊరుకుంటే ఏమవుతుంది? తలనొప్పి అనో, ఆసుపత్రిలో సెలవివ్వలేదనో ఇంకో అబద్ధం ఆడి శుక్రవారం జారుకుంటాను, ఆవిడ ఆ నింద మోస్తూనే ఉంటుంది, నేను పాసైతే ఆవిడ మోసినదాని మీద నిలబడి పాసవుతాను. ఫెయిలైతే దానికోసం కూడా మోసినట్టవుతుంది. ఈ ఇంట్లో ఆడవాళ్ళం ఒకరి బరువు ఇంకొకరం గుట్టుగా ఎత్తుకుంటూ ఉంటాం, ఎత్తించినవాడికి బరువుందని కూడా తెలియదు. ఇంక చాలనిపించింది.

"హీటరు పెట్టింది మీ అమ్మ కాదు" అన్నాను. "నేను."

ఆయన ముద్ద పళ్ళెంలో పెట్టేశారు. మా అమ్మాయి పుస్తకంలోంచి తలెత్తింది.

"నా డ్యూటీ రెండింటికే అయిపోతుంది. రెండు నెలలుగా షెడ్డులో కూర్చుని చదువుకుంటున్నాను. చలేసి పెట్టుకున్నాను. చెట్లు లేస్తాయని నాకు తెలుసు, అయినా పెట్టుకున్నాను. మీ చెట్టు విషయంలో తప్పు నాది. మీరు పడ్డ కష్టం నేను చూశాను, నిజంగా బాధగా ఉంది. నన్ను తిట్టండి. కానీ ఆవిడని అన్న మాటలు వెనక్కి తీసుకోండి."

"చదువుకోవడమేంటి?" అన్నారు. కోపం కన్నా అయోమయమే ఎక్కువుంది ఆయన గొంతులో. "ఏం చదువు?"

"థియేటర్ టెక్నీషియన్ పరీక్ష. శుక్రవారం. నాకిది ఆఖరుసారి."

"మరి చెప్పొచ్చుగా! చెప్తే నేను వద్దంటానా?"

"అనరు. చూద్దాంలే అంటారు. రెండుసార్లు చూశాంగా."

లోపల చెంచా చప్పుడు ఆగిపోయింది. అత్తయ్య గుమ్మంలోకి వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని నా మీద విరుచుకుపడింది. "నీకేమైనా పిచ్చి పట్టిందా? ఇంకో రెండు రోజులు నోరు కట్టుకోలేకపోయావా? నేనిక్కడ హాయిగా ఒక్కదాన్నీ తింటుంటే!" కొడుకు వైపు తిరిగింది. "నువ్వేం చూస్తున్నావురా? తిను, చల్లారిపోతోంది."

ఆయన తినలేదు. తల్లి వంక చూసి, చూడలేక బల్ల వంక చూశారు. "అమ్మా..." అని ఆగిపోయారు. ఆవిడకి ఆ అమ్మా చాలినట్టే ఉంది, వచ్చి పక్క కుర్చీలో కూర్చుంది. నాకైతే చాలలేదు. తరవాత ఎప్పుడో నెమ్మదిగా, దెబ్బ తిన్నవాడిలా నన్నడిగారు, "అయితే నా చెట్టు సంగతేంటి? ఆకులెవరు తీస్తారు?"

"తియ్యకండి. ఉన్న శక్తంతా ఈ ఆకుల మీదే పెట్టింది. ఈ చలిలో తెంపితే మళ్ళీ వేసుకోలేదు, చచ్చిపోతుంది."

"ప్రెసిడెంటు ఏమీ కాదన్నాడే?"

"ఆయన చెట్లకి నీళ్ళు ఆయన పోస్తాడా, వాళ్ళావిడా?"

మా అమ్మాయి ఫక్కున నవ్వింది. ఆయన "ష్" అనలేదు.

గురువారం పొద్దున కుండీలు బయట పెట్టి డ్యూటీకి వెళ్ళాను. సాయంత్రం అలవాటుగా కుండీలు లోపల పెట్టాను. శుక్రవారం తెల్లవారుతుండగా హాల్ టికెట్టూ, రెండు పెన్నులూ సంచిలో వేసుకుని బయటికొచ్చాను. గడ్డి మీద మంచు తెల్లగా పేరుకుని ఉంది. కాళ్ళు వాటంతటవే షెడ్డు వైపు నడిచాయి, చెయ్యి గడియ మీద పడింది. ఎండ వచ్చేలోగా తీసి పెట్టాలి, లేకపోతే చీకట్లో ఆకులు పాలిపోతాయి. పదిహేను నిమిషాల పని. బస్సుకి పన్నెండు నిమిషాలుంది. ఒకటి తీసి పెడదామా, పెద్దదాన్నైనా, దానికేం తెలుసు పాపం అనిపించింది. గడియ ఇనుము చల్లగా చురుక్కుమంది. చెయ్యి వెనక్కి తీసుకుని గేటు దాటాను. బస్సులో కూర్చున్నాక కూడా వెనక్కి తిరిగి చూడాలనిపించింది గానీ చూడలేదు.

రాత పరీక్ష మధ్యాహ్నం దాకా అయింది. తరవాత ఒక గదిలో ట్రే పెట్టి, మాస్కు వేసుకున్న పరీక్షకుడు చెయ్యి చాచి ఒక్కొక్క పేరే అన్నాడు. ఆయన పేరు పూర్తి చేసేలోపే కత్తెర ఆయన అరచేతిలో ఉంది, పిడి ఆయన వైపు. ఆరో దాని దగ్గర ఆయన పేరు చెప్పడం మానేసి ఊరికే చెయ్యి చాచాడు. ఆపరేషన్‌లో తరవాత ఏం కావాలో నేనే చూసి అందించాను. "ఎక్కడ నేర్చుకున్నారమ్మా?" అన్నాడు. "కడుగుతూ" అన్నాను.

చీకటి పడే వేళకి ఇంటికి చేరాను. చెట్లన్నీ షెడ్డులో ఉన్నాయి, బతికే ఉన్నాయి, పెద్దది తన ఎర్రటి ఆకులన్నిటితో. వాటిని పొద్దున బయటికి ఎవరు మోశారో, సాయంత్రం లోపలికి ఎవరు తెచ్చారో నాకు ఈ రోజుకీ తెలియదు. నేను అడగలేదు.